ద్రాక్షలో వైరస్‌ల గుర్తింపు: పీసీఆర్ నెగటివ్ వచ్చినా ఆకు ముడుస్తోంది, సీక్వెన్సింగ్ ఎలా చేయించాలి?

పందిరి_నీడ
అందరికీ నమస్కారం. రంగారెడ్డి జిల్లాలో అంటు పుల్లల కోసం తల్లి తీగలు ఎంపిక చేసే పని. మొత్తం 12 థాంప్సన్ సీడ్‌లెస్ తీగలు, అన్నీ డాగ్‌రిడ్జ్ వేరుమూలం మీద కట్టినవే. లీఫ్‌రోల్-1, లీఫ్‌రోల్-3 వైరస్‌లకు ఆర్టీ-పీసీఆర్ చేస్తే పన్నెండూ నెగటివ్. కానీ 8వ తీగలో కింది ఆకుల అంచులు కిందికి ముడుచుకుని ఉన్నాయి. ఆకు ఈనెల (నరాల) మధ్య భాగం పసుపు తిరిగింది, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఆకు పట్టుకుంటే మందంగా, పెళుసుగా ఉంది. మెగ్నీషియం పిచికారీకి తేడా రాలేదు.

సీక్వెన్సింగ్‌కి ఇద్దామనుకుంటే కంపెనీ కొటేషన్‌లో “ఎంఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్, పాలీ-ఏ ఎంపిక, నమూనాకి 6 జీబీ డేటా” అని ఉంది. ఒప్పుకోవచ్చా? ఆకు పంపాలా, పుల్ల పంపాలా? పొలంలో అంటు కట్టే సమయం దగ్గర పడుతోంది కాబట్టి తప్పు నమూనా పంపి నెల పోగొట్టుకునే వీలు లేదు.

రీడ్‌మ్యాప్
పాలీ-ఏ కొటేషన్ ఒప్పుకోకండి. మీరు వెతుకుతున్న వైరస్‌నే ఆ పద్ధతి వదిలేస్తుంది.

పాలీ-ఏ ఎంపిక అంటే, చివర ఎడినిన్ తోక ఉన్న ఆర్‌ఎన్‌ఏని మాత్రమే పూసలకి అంటించి మిగతాది కడిగేయడం. లీఫ్‌రోల్ వైరస్‌లు క్లోస్టెరో కుటుంబానివి, వాటి జన్యువుకి ఆ తోక లేదు. వైరస్ కన్నా చిన్న రోగకారకాలైన వైరాయిడ్‌లకీ లేదు, అవి గుండ్రటి ఆర్‌ఎన్‌ఏలు. ఫ్యాన్‌లీఫ్, పినో గ్రీ వైరస్, రూపెస్ట్రిస్ స్టెమ్ పిట్టింగ్ వైరస్, వీటివైరస్ అనే తరగతికి చెందిన గ్రేప్‌వైన్ వైరస్ ఎ, బి (జీవీఏ, జీవీబీ)లకి తోక ఉంది కాబట్టి అవి కనిపిస్తాయి. రిపోర్టులో నాలుగైదు వైరస్‌ల పేర్లు చూసి పరీక్ష బాగా జరిగిందనే అనుకుంటాం, లీఫ్‌రోల్ లేకపోవడం మాత్రం ఎవరి దృష్టికీ రాదు. పాలీ-ఏ డేటాలో కూడా కొన్ని లీఫ్‌రోల్ రీడ్లు (యంత్రం చదివిన జన్యు ముక్కలు) జారి రావచ్చు, కానీ దాన్ని నమ్ముకుని తల్లి తీగకి సర్టిఫికెట్ రాయకూడదు.

అడగాల్సింది ఇది: “టోటల్ ఆర్‌ఎన్‌ఏ, మొక్కల కిట్‌తో రైబో డిప్లీషన్, యూనిక్ డ్యూయల్ ఇండెక్స్”. రైబో డిప్లీషన్ అంటే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏని తీసేయడం, ఇండెక్స్ అంటే ఏ రీడు ఏ నమూనాదో చెప్పే గుర్తు. ఈ మూడూ కొటేషన్‌లో రాయించుకోండి. రైబో డిప్లీషన్‌లో కణద్రవ్యపు రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏతో పాటు క్లోరోప్లాస్ట్‌ది కూడా తీసే కిట్ కావాలి. ఎలుక, మనిషి నమూనాల కోసం చేసిన కిట్ వాడితే చాలా రీడ్లు క్లోరోప్లాస్ట్‌వే రావచ్చు.

6 జీబీ లెక్క కూడా అర్థం చేసుకోండి. ఇక్కడ జీబీ అంటే గిగాబేసులు, అంటే వంద కోట్ల బేసులు (జన్యు అక్షరాలు). 150 బేసుల చొప్పున రెండు వైపులా చదివితే ఒక జతకి 300 బేసులు. 2 కోట్ల జతలు అంటే 6 జీబీ. కొందరు “2 కోట్ల రీడ్లు” అని రాసి కోటి జతలే ఇస్తారు. జతలా, విడి రీడ్లా అన్నది ముందే తేల్చుకోండి. డిప్లీషన్ బాగా జరిగితే 100 బేసుల విడి రీడ్లు 2 కోట్లు సరిపోతాయి. మన పని వైరస్ ఉందా లేదా చూడటం, పొడవాటి జతల కోసం అదనపు డబ్బు పెట్టనక్కర్లేదు.

బెరడు
నమూనా సంగతి నేను చెబుతాను, ఎక్కువ ఫలితాలు పాడయ్యేది అక్కడే.

లీఫ్‌రోల్ వైరస్‌లు ఆహారనాళాల్లోనే ఉంటాయి. తీగ అంతటా సమానంగా పరచుకోవు. ఒక కార్డన్‌లో (పందిరి మీద పాకించిన ప్రధాన కొమ్మలో) నిండుగా ఉండి రెండో కార్డన్‌లో పట్టుకి చిక్కనంత తక్కువ ఉండొచ్చు. కాబట్టి ఒక్క పుల్ల, ఒక్క ఆకు ఎప్పుడూ పంపొద్దు. రెండు కార్డన్ల నుంచి రెండేసి, మొత్తం నాలుగు పుల్లలు తీయండి. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత వచ్చి గోధుమ రంగుకి ముదిరిన కొమ్మ కావాలి. కింది 3-4 కణుపుల భాగం కోయండి. లేత కొన పనికిరాదు.

ల్యాబ్‌లో పైనున్న ఎండు పొరను గీకి పారేయండి. కింద తడిగా, పచ్చగా మెరిసే పొర వస్తుంది. దాన్నే సర్జికల్ బ్లేడుతో పొడవుగా, సన్నటి రిబ్బన్లలా గీకాలి. తెల్లటి కట్టె తగిలితే ఆపేయండి, కట్టెలో మనకి కావాల్సింది లేదు. నాలుగు పుల్లల నుంచి సమానంగా గీకి కలిపి 150 నుంచి 200 మిల్లీగ్రాములు తూచండి. తీగ మారినప్పుడల్లా బ్లేడు, గ్లవ్స్, కింద పరిచిన కాగితం మూడూ మారాలి. కత్తెరని 10 శాతం బ్లీచ్‌లో ముంచి, నీళ్ళలో కడిగి, తుడవండి.

ఆకే పంపాల్సి వస్తే ఆకు పలక వద్దు, కింది ముదురు ఆకుల తొడిమలు తీసుకోండి.

ఫ్యాన్‌లీఫ్ దీనికి ఎదురు. అది లేత చిగురులో ఎక్కువ, ఎండలు ముదిరితే దాని మోతాదు పడిపోతుంది. దాన్నీ వెతకాలంటే కత్తిరింపు తర్వాత మొలిచిన లేత ఆకులు ఇంకో నమూనాగా తీయాలి. ఒకే రోజు తీసిన ఒకే రకం నమూనా అన్ని వైరస్‌లకీ సరిపోదు.

పిండినల్లి_వేట
ఒక మాట కలుపుతాను. పుల్లలు కోసే ముందు బెరడు పగుళ్ళు, కణుపు మూలలు చూసి పిండినల్లి ఉందో లేదో రాసుకోండి. లీఫ్‌రోల్-3ని ఒక తీగ నుంచి ఇంకో తీగకి మోసేది అదే. మన ద్రాక్షలో ఎక్కువగా కనిపించేది గులాబీ పిండినల్లి. పురుగు అంటుకున్న పుల్లని అలాగే గీకితే పురుగు పొట్టలో ఉన్న వైరస్ కూడా నమూనాలోకి వస్తుంది. ఆ పురుగు పక్క తీగ మీద తాగిన రసం ఈ తీగ లెక్కలో పడుతుంది. మెత్తటి బ్రష్‌తో తుడిచి, కడిగి, ఆరబెట్టి అప్పుడు గీకండి.

పందిరి_నీడ
చాలా ఉపయోగపడింది. మొక్కల ఆర్‌ఎన్‌ఏ కిట్‌తో ప్రయత్నం చేశాం. కాలమ్ (ఆర్‌ఎన్‌ఏని పట్టే వడపోత గొట్టం) మూసుకుపోయింది, వచ్చిన ద్రావణం లేత గోధుమ రంగులో ఉంది. ఆర్‌ఎన్‌ఏ శుభ్రతని చూపే కాంతి శోషణ నిష్పత్తుల్లో 260/280 1.6, 260/230 0.5. కంపెనీ తీసుకోనంటోంది. ఏం మార్చాలి?

బెరడు
గోధుమ రంగు పాలీఫినాల్స్‌ది. కాలమ్‌ని మూసింది జిగురు, అంటే పాలీశాకరైడ్లు. మామూలు కిట్‌లో కణాలు పగలగొట్టే లైసిస్ బఫర్ ఈ రెంటినీ ఆపలేదు. ద్రాక్షకి సీటీఏబీ అనే డిటర్జెంట్‌తో తీసే పద్ధతి బాగా నిలబడుతుంది.

బఫర్: సీటీఏబీ 2 శాతం, పీవీపీ-40 2.5 శాతం, సోడియం క్లోరైడ్ 2 మోలార్, ట్రిస్ 100 మిల్లీమోలార్ పీహెచ్ 8.0, ఈడీటీఏ 25 మిల్లీమోలార్. బీటా మెర్కాప్టో ఇథనాల్ 2 శాతం, వాడే ముందే కలపాలి. నిన్న కలిపి పెట్టినది ఈరోజుకి పనికిరాదు. బఫర్‌ని 65 డిగ్రీల దగ్గర వేడిగా ఉంచండి, చల్లారితే సీటీఏబీ తెల్లగా పేరుకుంటుంది.

150 మిల్లీగ్రాముల పొరని ద్రవ నైట్రోజన్‌లో పిండి అయ్యేదాకా నూరండి. మెత్తబడకముందే 850 మైక్రోలీటర్ల వేడి బఫర్ పోసి, బాగా కుదిపి, 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు. తర్వాత సమానంగా క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమం పోసి తిప్పండి. పై నీరు తీసి మళ్ళీ అదే చేయండి. మధ్యలో తెల్లటి పొర పోయేదాకా మూడోసారైనా పర్వాలేదు. పై నీరు తీసేటప్పుడు అత్యాశకి పోకండి, పొరకి కాస్త పైనే ఆపండి. ఆ చివరి 50 మైక్రోలీటర్లే 260/230ని పాడుచేస్తాయి.

ఆ పైన రెండు దారులు. చాలామంది 8 మోలార్ లిథియం క్లోరైడ్ మూడో వంతు కలిపి, అంటే 2 మోలార్ అయ్యేలా, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచి ఆర్‌ఎన్‌ఏని దించుతారు. శుభ్రంగా వస్తుంది, జిగురు చాలావరకు పైనే ఉండిపోతుంది. రెండోది 0.7 వంతు ఐసోప్రొపనాల్‌తో దించి, ఆ ముద్దని కరిగించి కిట్ కాలమ్ మీద డీఎన్‌ఏని తినే డీఎన్‌ఏజ్ ఎంజైమ్‌తో సహా కడగడం. సీక్వెన్సింగ్‌కి నా ఓటు రెండోదానికే.

260/280 2.0 దగ్గర, 260/230 కనీసం 1.8, ఆర్‌ఐఎన్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే స్కోరు) 7 పైన ఉంటే పంపండి.

లేతచిగురు
పీజీ విద్యార్థిని. లిథియం క్లోరైడ్ శుభ్రంగా ఇస్తుందని మీరే అన్నారు కదా సార్, మరి రెండోదానికి ఓటు ఎందుకు? ఇంకొకటి, చిన్న ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ ద్రాక్షకి బాగుంటుందని చదివాను. రెంటిలో ఏది?

బెరడు
మంచి ప్రశ్న అమ్మా. 2 మోలార్ లిథియం క్లోరైడ్‌లో దిగేది పెద్ద ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ. జంటపోగు ఆర్‌ఎన్‌ఏ, 200 బేసుల లోపు చిన్న ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ పైనీటిలోనే ఉంటాయి. వైరాయిడ్‌లు 300 బేసుల చుట్టుపక్కల ఉండి, తమలో తామే గట్టిగా మడుచుకుని ఉంటాయి కాబట్టి అవీ చాలావరకు పైనే మిగులుతాయి. ఆ పైనీటిని సింక్‌లో పారబోశామంటే అవన్నీ పోయినట్టే. లీఫ్‌రోల్ ఒక్కటే కావాలంటే పర్వాలేదు, ‘ఏముందో అన్నీ చూపించు’ అని అడుగుతున్నప్పుడు అలా వదులుకోకూడదు.

చిన్న ఆర్‌ఎన్‌ఏ పద్ధతిలో మొక్క వైరస్‌ని ముక్కలు చేసిన 21, 22, 24 బేసుల తునకలు చదువుతాం. మొక్క ఎదిరించే ప్రతి వైరస్‌కీ తునకలుంటాయి, ఆర్‌ఎన్‌ఏ అయినా డీఎన్‌ఏ అయినా. 2012లో ఇటలీలో పినో గ్రీ వైరస్‌ని బయటపెట్టింది ఈ పద్ధతే. ఇబ్బంది తునకలు జతచేసే చోట వస్తుంది. 21 బేసులతో 18 వేల బేసుల జన్యువు కట్టాలి, ఒకే వైరస్‌లో రెండు రకాలు కలిసి ఉంటే అతుకులు తప్పుతాయి. తెలిసిన వైరస్ ఉందా అంటే చాలు, కొత్త రకమా అంటే టోటల్ ఆర్‌ఎన్‌ఏనే మేలు.

నాపా_గాలి
కాలిఫోర్నియా నుంచి. తెలిసిన వైరస్‌కే పరీక్ష చేస్తే ఏం నష్టమో చెప్పడానికి ఇక్కడి రెడ్ బ్లాచ్ రోగం కన్నా మంచి ఉదాహరణ లేదు.

2008లో నాపా లోయలోని ఓక్‌విల్ పరిశోధన క్షేత్రంలో కాబర్నె సావిన్యోన్ తీగల ఆకులు ఎర్రబడ్డాయి. చూడటానికి లీఫ్‌రోల్‌లా ఉంది, పరీక్షలు నెగటివ్. ఆకు దగ్గరగా చూస్తే తేడా ఉంది. లీఫ్‌రోల్‌లో ఈనెలు పచ్చగా మిగిలి వాటి మధ్య ఎరుపు వస్తుంది, అంచు కిందికి చుట్టుకుంటుంది. రెడ్ బ్లాచ్‌లో మచ్చలు మచ్చలుగా ఎరుపు, ఆకు అడుగున ఈనెలే గులాబీ రంగు తిరుగుతాయి, ముడత లేదు. అప్పటి పరీక్షలన్నీ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల కోసం. 2012 నాటికి సీక్వెన్సింగ్‌తోనూ, గుండ్రటి డీఎన్‌ఏని పెంచే పద్ధతితోనూ అసలు సంగతి తెలిసింది: సుమారు 3,200 బేసుల ఒంటిపోగు డీఎన్‌ఏ వైరస్, జెమినీ కుటుంబం. ఆ తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ హెర్బేరియంలో (ఎండు మొక్కల భాండాగారంలో) 1940లో సొనోమాలో సేకరించిన ఎండు ఆకులోనూ అదే దొరికింది. అంటే దశాబ్దాలుగా ఉంది, వెతికే ప్రశ్న లేదంతే.

డీఎన్‌ఏ వైరస్ కాబట్టి ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌లో రాదనుకోకండి. కణంలో పనిచేయాలంటే అది ఆర్‌ఎన్‌ఏ తయారుచేయాల్సిందే, ఆ ప్రతులు రీడ్లలో కనిపిస్తాయి. అయితే మోతాదు తక్కువగా ఉండొచ్చు, కాబట్టి విడిగా పీసీఆర్ కూడా పెట్టుకోవాలి.

పాత పద్ధతి గురించి ఒక మాట: సూచిక తీగల మీద అంటుకట్టి లక్షణాల కోసం ఎదురుచూడటానికి 2-3 ఏళ్ళు పడుతుంది. రోగం లేని నాటు మొక్కలు అందించే డేవిస్‌లోని ఫౌండేషన్ ప్లాంట్ సర్వీసెస్ వాళ్ళు రెండు పద్ధతులనూ పోల్చి 2015లో ప్రచురించారు. వైరస్‌లను పట్టడంలో సీక్వెన్సింగే ముందుంది.

పిండినల్లి_వేట
మన దగ్గర కూడా దీని అవసరం పెరుగుతోంది. 2024 ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం 1,765.67 కోట్ల రూపాయలతో క్లీన్ ప్లాంట్ కార్యక్రమాన్ని ఆమోదించింది. అందులోని 9 కేంద్రాల్లో ద్రాక్షకి పుణెలోని జాతీయ ద్రాక్ష పరిశోధనా కేంద్రం. అనాబ్-ఎ-షాహి రకంతో మొదలైన హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షకి శుభ్రమైన అంటు పుల్ల అందడం చాలా ముఖ్యం. ఒక తల్లి తీగ నుంచి వందల అంట్లు వెళ్తాయి. థాంప్సన్‌లాంటి తెల్ల రకాల్లో ఎరుపు రాదు, డాగ్‌రిడ్జ్‌లో లక్షణమే కనిపించదు. కంటిచూపుతో ఎంపిక చేస్తే రోగాన్ని మనమే పంచినట్టు.

పందిరి_నీడ
(ఐదు వారాల తర్వాత) ఫలితం వచ్చింది. సీటీఏబీ, ఐసోప్రొపనాల్, కాలమ్ దారిలో 260/230 1.9 వచ్చింది, ధన్యవాదాలు బెరడు గారూ. 100 బేసుల విడి రీడ్లు, నమూనాకి సుమారు 2 కోట్లు. కంపెనీ ఇచ్చిన పట్టికలో తేడాగా అనిపించినవి:

8వ తీగ: లీఫ్‌రోల్-3 రీడ్లు 3,84,000
7వ తీగ: లీఫ్‌రోల్-3 రీడ్లు 212
9వ తీగ: లీఫ్‌రోల్-3 రీడ్లు 38
4వ తీగ: జీవీఏ రీడ్లు 14
2, 5, 11: ‘కాలిమో వైరస్ పోలిక’
పన్నెండింటిలోనూ: రూపెస్ట్రిస్ స్టెమ్ పిట్టింగ్ వైరస్, హాప్ స్టంట్ వైరాయిడ్, ఎల్లో స్పెకిల్ వైరాయిడ్-1

రిపోర్టు చివర పన్నెండు తీగలూ “వైరస్ పాజిటివ్” అని ఉంది. అన్నీ పారేయాలా?

రీడ్‌మ్యాప్
పారేయకండి. ఒక్కొక్కటి విడదీద్దాం.

ముందు అన్నింటిలో ఉన్న మూడు. రూపెస్ట్రిస్ స్టెమ్ పిట్టింగ్ వైరస్, ఆ రెండు వైరాయిడ్‌లు ప్రపంచమంతా దాదాపు ప్రతి సాగు ద్రాక్షలోనూ ఉంటాయి. వాటిని చూసి తీగని తీసేస్తే నాటడానికి తీగ మిగలదు. పైగా అవి మనకి పనికొస్తాయి. అవి కూడా రాని నమూనా ఉంటే ఆర్‌ఎన్‌ఏ గానీ లైబ్రరీ (చదవడానికి సిద్ధం చేసిన నమూనా) గానీ పాడైందేమోనని అనుమానించాలి.

కాలిమో పోలిక: ద్రాక్ష జన్యువులోనే ఆ కుటుంబపు పాత వైరస్‌ల శకలాలు అతుక్కుని ఉన్నాయి. ఆ కాంటిగ్‌లని (రీడ్లు అతికించగా వచ్చిన పొడవాటి వరసలని) పీఎన్40024 ద్రాక్ష రెఫరెన్స్ జన్యువు మీద పెట్టి చూడండి. క్రోమోజోమ్ మీద అతికితే అది తీగ సొంత జన్యువే, రోగం కాదు. కంపెనీ ద్రాక్ష రీడ్లని ముందే తీసేసి ఉంటే ఈ గందరగోళం ఉండేది కాదు. వరస ఇలా ఉండాలి: అడాప్టర్లు (కొసలకి అతికించిన కృత్రిమ ముక్కలు), క్యూ20 నాణ్యత లోపు బేసులు కోసి 36 బేసుల కన్నా చిన్న రీడ్లు వదిలేయడం, ద్రాక్ష జన్యువుకి, క్లోరోప్లాస్ట్‌కి అతికేవి పక్కన పెట్టడం, మిగిలినవి స్పేడ్స్‌తో జతకట్టడం, వచ్చిన కాంటిగ్‌లని బ్లాస్ట్-ఎన్‌తో, దానికి దొరకనివి ప్రొటీన్ స్థాయిలో డైమండ్‌తో పోల్చడం, చివరికి అసలు రీడ్లని ఆ వైరస్ జన్యువు మీద తిరిగి పరిచి చూడటం. చివరి మెట్టు ఎక్కకుండా పాజిటివ్ అని రాయకూడదు.

4వ తీగలో జీవీఏ 14 రీడ్లు: బామ్ ఫైల్‌ని (రీడ్లు ఎక్కడ అతికాయో ఉండే ఫైల్‌ని) ఐజీవీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఎక్కడ పడ్డాయో చూసి చెప్పండి.

ఇప్పుడు 8వది. 3,84,000 రీడ్లు, ఒక్కోటి 100 బేసులు, లీఫ్‌రోల్-3 జన్యువు సుమారు 18,500 బేసులు. భాగిస్తే ప్రతి చోటూ సగటున 2,000 సార్లకి పైగా చదివినట్టు. ఇందులో సందేహం లేదు, 8వ తీగలో లీఫ్‌రోల్-3 ఉంది. పీసీఆర్ ఎందుకు తప్పిందో చూడాలంటే మీ ప్రైమర్లని (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలని) ఆ కాంటిగ్ మీద పెట్టండి.

7వది 212 రీడ్లు, సగటు 1.15 సార్లు. 9వది 38 రీడ్లు, 0.2 సార్లు. ఇవి 8 నుంచి జారినవి కావచ్చు. ఒకే ఫ్లో సెల్‌లో (సీక్వెన్సింగ్ పలకలో) నడిచిన నమూనాల మధ్య ఇండెక్స్‌లు తారుమారవుతాయి. 3,84,000లో 212 అంటే 0.055 శాతం, ఆ జారుడులో ఇమిడిపోయే సంఖ్యే. యూనిక్ డ్యూయల్ ఇండెక్స్ వాడారా?

పందిరి_నీడ
కొటేషన్‌లో రాయించాం, కానీ వాళ్ళ నివేదికలో ‘కాంబినేటోరియల్ డ్యూయల్’ అని ఉంది. జీవీఏ 14 రీడ్లూ ఒకే 90 బేసుల పరిధిలో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మిగతా జన్యువు ఖాళీ.

8వ తీగ కాంటిగ్ మీద మా రివర్స్ ప్రైమర్ పెడితే 20 బేసుల్లో 3 తేడా, అందులో ఒకటి 3′ చివరి బేసే. రిఫరెన్స్‌తో ఆ ప్రాంతంలో పోలిక 80 శాతం లోపే.

7వ తీగ రీడ్లు జన్యువంతా చెదురుగా ఉన్నాయి. అది నిజమైన ఇన్‌ఫెక్షన్‌కి గుర్తు కదా?

రీడ్‌మ్యాప్
కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. 8వ తీగ రీడ్లే జన్యువంతా సమానంగా ఉన్నాయి కాబట్టి వాటి నుంచి జారిన 212 కూడా జన్యువంతా చెదురుగానే పడతాయి. పరుచుకోవడం ఇండెక్స్ జారుడుని కొట్టిపారేయదు. జీవీఏ విషయంలో మాత్రం పనికొచ్చింది: ఒకే చిన్న చోట కుప్ప పడిందంటే అది పీసీఆర్ ముక్క. ఆ గదిలో ఎవరో జీవీఏ పీసీఆర్ చేస్తుంటారు, గాల్లోనో పిపెట్‌లోనో ఉన్న ఆంప్లికాన్ (పీసీఆర్‌లో పెరిగిన ముక్క) లైబ్రరీలోకి వచ్చింది. ఆ 90 బేసుల రెండు కొసలూ వాళ్ళ జీవీఏ ప్రైమర్లతో సరిపోతాయేమో అడిగి చూడండి.

కాంబినేటోరియల్ అంటే ఒక వైపు ఇండెక్స్‌లు నమూనాల మధ్య ఉమ్మడిగా ఉంటాయి. ఒక కొస మారితే చాలు, రీడు ఇంకో నమూనా పేరుతో చెల్లిపోతుంది. యూనిక్ డ్యూయల్‌లో ఒక కొస మారితే ఆ జత ఎవరిదీ కాదు కాబట్టి చెత్తబుట్టకి వెళ్తుంది. రాసినట్టు చేయలేదు కాబట్టి మళ్ళీ నడపమని అడిగే హక్కు మీకుంది.

తర్వాతి సారి మరో నమూనా కలపండి: ద్రాక్షలో ఎప్పుడూ ఉండని వైరస్ ఉన్న మొక్క. ఎండోర్నా వైరస్ ఉన్న ఫ్రెంచి చిక్కుడు ఇందుకు వాడతారు. ఆ వైరస్ రీడ్లు మీ ద్రాక్ష నమూనాల్లో ఎన్ని కనిపించాయో అదే ఆ రన్‌లో జారుడు కొలత. ఊహించిన కటాఫ్ కన్నా అది వెయ్యి రెట్లు నయం.

7, 9 విషయంలో ముందు చూడాల్సింది: ఆ రీడ్లు 8వ తీగ కాంటిగ్‌తో నూటికి నూరూ కలుస్తున్నాయా? ఒక్కటైనా నిలకడగా తేడా బేస్ చూపిస్తే అది వేరే రకం, అంటే ఆ తీగదే. అన్నీ కలిస్తే డేటాతో ఇక తేలదు. మళ్ళీ తీగ దగ్గరికి వెళ్ళాలి.

బెరడు
ప్రైమర్ గురించి. 3′ చివరి బేస్ అతకకపోతే పాలిమరేజ్‌కి పట్టు దొరకదు, పొడిగింపు ఆగిపోతుంది. లీఫ్‌రోల్-3లో ఒకదానికొకటి 20 శాతానికి పైగా తేడా ఉన్న రకాలున్నాయి, పాత ప్రైమర్లు ఒకటి రెండు రకాల మీద చేసినవి. డేవిస్ వాళ్ళు 2018లో ప్రచురించిన పరీక్ష 3′ కొసన ప్రొటీన్‌గా మారని భాగం మీద చేశారు, రకాలన్నింటిలో ఆ చోటు తక్కువ మారుతుంది కాబట్టి. దాన్ని వాడండి. దానితో పాటు మీ 8వ తీగ కాంటిగ్ నుంచే కోట్ ప్రొటీన్ మీద ఇంకో జత చేయించండి. 250 బేసుల ఉత్పత్తి, 20-22 బేసుల ప్రైమర్లు, కరిగే ఉష్ణోగ్రత 58-60.

7, 8, 9 తీగల నుంచి కొత్త పుల్లలు, కొత్త ఎక్స్‌ట్రాక్షన్. పాత ఆర్‌ఎన్‌ఏ మీద చేస్తే పాత కలుషితం మళ్ళీ కనిపిస్తుంది. ఎలీసా కిట్ దొరికితే అదీ పెట్టండి. అది ప్రొటీన్‌ని చూస్తుంది, ఆంప్లికాన్ కలుషితం దాన్ని మోసం చేయలేదు.

లేతచిగురు
పొడవాటి రీడ్లు చదివే నానోపోర్‌తో చేస్తే ఈ ఇండెక్స్ సమస్య తప్పుతుందా సార్?

రీడ్‌మ్యాప్
తగ్గుతుంది గానీ పోదు. బార్‌కోడ్లు అక్కడా తారుమారవుతాయి, ముఖ్యంగా లైగేషన్ తర్వాత అడాప్టర్ సరిగ్గా కడగకపోతే. తీగకో ఫ్లో సెల్ వాడితే ఆ భయం లేదు, ఖర్చు మోయలేం. పొడవాటి రీడ్ల లాభం వేరే చోట ఉంది: ఒకే తీగలో లీఫ్‌రోల్-3 రెండు రకాలుంటే వాటిని విడదీయగలం.

పందిరి_నీడ
(రెండు వారాల తర్వాత) మళ్ళీ చేసిన పరీక్ష వివరాలు. 18ఎస్ కంట్రోల్ (తీగ సొంత ఆర్‌ఎన్‌ఏ) అన్నింటిలోనూ సీటీ (ఎన్నో ఆవృత్తిలో కనిపించిందో చెప్పే అంకె, అది ఎంత తక్కువైతే వెతికేది అంత ఎక్కువ ఉన్నట్టు) 12-14 మధ్య, నీళ్ళ కంట్రోల్ ఖాళీ.

8వ తీగ: రెండు ప్రైమర్ జతలూ పాజిటివ్, సీటీ 19. శాంగర్ సీక్వెన్సింగ్ చేస్తే కాంటిగ్‌తో కలిసింది. ఎలీసా పాజిటివ్.
7వ తీగ: రెండు జతలూ నెగటివ్, ఎలీసా నెగటివ్.
9వ తీగ: రెండు జతలూ పాజిటివ్, సీటీ 32, 33. ఎలీసా నెగటివ్.

జీవీఏ ప్రైమర్లు ఆ 90 బేసుల కొసలతో సరిపోయాయి. 4వ తీగ జీవీఏకి నెగటివ్.

212 రీడ్లున్న 7 నెగటివ్, 38 ఉన్న 9 పాజిటివ్. 9ని ఎలా తీసుకోవాలి?

రీడ్‌మ్యాప్
9వ తీగ ఆ 38 రీడ్లని ఐజీవీలో మళ్ళీ చూడండి. ఏదైనా ఒక చోట రెండు మూడు రీడ్లు 8వ తీగకి లేని బేస్‌ని చూపిస్తే కొన్ని దాని సొంతవి. ఒక పద్ధతి సరిపోలేదని వదిలేయకుండా మీరు తీగ దగ్గరికి వెళ్ళడం మంచిదైంది.

పిండినల్లి_వేట
9వ తీగ 8 పక్కదేనా? అయితే కొత్తగా అంటుకుని ఉండొచ్చు. వైరస్ ఇంకా ఒక కొమ్మకే పరిమితమై ఉంటే ఇంత బలహీనంగా కనిపించడం సహజం. 7, 9 మధ్య ఏ పుల్ల మీదైనా పిండినల్లి నోట్ చేశారా?

పందిరి_నీడ
అవును, 9 పక్కదే, రెండు తీగల కార్డన్లు పందిరి తీగ మీద కలుస్తాయి. 8 వైపు కార్డన్ మీద, కలిసే చోట పిండినల్లి గూడు ఉందని నోట్‌లో ఉంది. 7 వైపు లేదు. మొదటి విడత 9కి రెండు కార్డన్ల నుంచీ తీశాం, రెండో విడత తొందరలో 8కి దూరంగా ఉన్న కార్డన్ నుంచే నాలుగు పుల్లలూ కోశారు.

బెరడు
అయితే సీటీ 32 దూరపు కార్డన్‌ది. 8కి దగ్గరగా ఉన్న కార్డన్ నుంచి నాలుగు పుల్లలు విడిగా తీసి, విడి ట్యూబ్‌లో అదే రెండు జతలతో నడపండి. అక్కడ సీటీ బాగా కిందికి వస్తే వైరస్ ఎటు నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. అది వచ్చేదాకా 8, 9ల నుంచి ఒక్క పుల్ల కూడా అంటుకి పోనివ్వకండి. గూడు ఉన్న చోట 8కి అవతల ఇంకా తీగలుంటే వాటినీ ఈ విడతలోనే కలపండి. గీకిన పొరలో మిగిలింది తీగ నంబరు, కార్డన్ వైపు, తేదీ రాసి మైనస్ 80లో దాచండి.

పందిరి_నీడ
8వ తీగ కత్తెర వేరు చేశాం. దగ్గర కార్డన్ పుల్లలు, అవతలి వరుసలో మూడు తీగలు రేపు ఉదయం కోస్తున్నాం. సీటీలు రాగానే ఇక్కడే పెడతాను.